గొంతు బిగుసుకుందని చేతికందిన మాత్ర మింగకండి

గొంతు పట్టేసిందని, ఎవరో పిసుకుతున్నట్టుందని, ఏదో ముద్ద అడ్డం పడినట్టుందని చెప్పేవాళ్లు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. వాళ్లలో చాలామందికి గొంతులో ఏ జబ్బూ ఉండదు. ఆందోళన వల్ల, పానిక్ అటాక్ వల్ల వచ్చే బిగువు అది. ఆ బిగువు ప్రాణం తీయదు. దానికి మనం ఇంట్లోనూ మందుల షాపు దగ్గరా చేసుకుంటున్న సొంత వైద్యమే ప్రాణం మీదికి తెస్తోంది. పరీక్ష చేయించకుండానే ‘టెన్షన్‌లే’ అని కొట్టిపారేయడమూ అంతే ప్రమాదం.

అన్నవాహిక మొదట్లో ఉంగరంలా ఒక కండరం ఉంటుంది. మింగినప్పుడు వదులవుతుంది, మిగతా వేళల్లో మూసుకుని ఉంటుంది. భయపడితే దవడ, భుజాలు బిగుసుకున్నట్టే ఇదీ, దీని చుట్టూ ఉన్న కండరాలూ బిగుసుకుంటాయి. ఊపిరి పోయే దారి మాత్రం తెరిచే ఉంటుంది. మింగినప్పుడు ఆ కండరం వదులవుతుంది కాబట్టి ఇలాంటివాళ్లకు అన్నమూ సాఫీగానే దిగుతుంది. చేతిలో పనిలేక ఒట్టి ఉమ్మి మింగినప్పుడే ఏదో అడ్డు తగులుతుంది. ఉందా పోయిందా అని మాటిమాటికీ మింగి చూసుకోవడం, అస్తమానం గొంతు సవరించుకోవడం, మెడ నొక్కి చూసుకోవడం, అద్దం ముందు నోరు తెరిచి సెల్‌ఫోన్ లైటు వేసుకోవడం... ఇవన్నీ ఆ బిగువును పెంచేవే. రాత్రి ఆలస్యంగా తిని వెంటనే పడుకునేవాళ్లకు కడుపులోని ఆమ్లం పైకి తన్నడం వల్ల కూడా ఇలాగే ఉంటుంది. ఆందోళన, ఆమ్లం రెండూ కలిస్తే బాధ మరింత ఎక్కువ.

పానిక్ అటాక్‌లో ఇదంతా ఒక్కసారిగా వచ్చి మీద పడుతుంది. ఊపిరి చాలడం లేదనిపించి గబగబా పీలుస్తారు. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. పెదాల చుట్టూ, వేళ్ల చివర్లలో తిమ్మిర్లు, కళ్లు తిరగడం, కొందరికి వేళ్లు కొంకర్లు పోవడం అందువల్లే. వాటిని చూసి చచ్చిపోతున్నామన్న భయం పుడుతుంది, ఆ భయానికి గొంతు ఇంకా బిగుస్తుంది. సాధారణంగా పది నిమిషాల్లో ఇది తారస్థాయికి చేరి, ఆ తర్వాత దిగడం మొదలుపెడుతుంది.

ఆ పది నిమిషాల్లో మన ఇళ్లలో ఏం జరుగుతోంది? అర్ధరాత్రి ఆడపిల్ల గొంతు పట్టుకుని మంచం మీద కూర్చుంటుంది. ఇల్లంతా లేచి చుట్టూ చేరుతుంది. ఒకరు నోట్లో నీళ్లు పోస్తారు, ఒకరు వీపు మీద చరుస్తారు, ఒకరు గ్యాసేమోనని సోడా కలిపి తెస్తారు. మరొకరు దిష్టి తీసి ఎండుమిరపకాయలు నిప్పుల మీద వేస్తారు. అసలే ఊపిరాడట్లేదంటున్న మనిషి గదిలో మిరపకాయల పొగ! చివరికి ఎవరో ఒకరు ‘అంతా నీ మనసులోదే’ అంటారు. ఇవన్నీ ప్రేమతోనే చేస్తారు, కాదనను. కానీ ప్రతి ఒక్కటీ కీడే. గాబరాగా ఊపిరి పీలుస్తున్న మనిషి నోట్లో నీళ్లు పోస్తే పొరపోతుంది. కాగితం కవరులో ఊపిరి పీల్చమనే పాత చిట్కా కూడా వద్దు. అది ఆస్తమానో గుండెపోటో అయితే కవరే ప్రాణం తీయొచ్చు.

చేయాల్సింది కొంచెమే. మనుషుల్ని పక్కకు పంపి, ఒక్కరు ఎదురుగా కూర్చోండి. ‘ఇది కాసేపట్లో దిగిపోతుంది, నేనిక్కడే ఉంటాను’ అని చెప్పండి. ముక్కుతో మెల్లగా నాలుగు లెక్కపెట్టేదాకా పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి ఆరు లెక్కపెట్టేదాకా వదలమనండి, మీరూ కలిసి చేయండి. వదలడం పీల్చడం కంటే ఎక్కువసేపు ఉండటమే ముఖ్యం. పళ్లు బిగించకుండా దవడ వదిలేసి, భుజాలు కిందికి జార్చమనండి. వాళ్లంతట వాళ్లు అడిగితే ఒక్కో గుక్క నీళ్లు ఇవ్వండి.

అయితే ప్రతి బిగువూ ఆందోళన కాదు. ఈ మాట జాగ్రత్తగా చదవండి. ఇంజెక్షనో, కొత్త మందో, రొయ్యలో, వేరుశనగో, కందిరీగ కాటో అయ్యాక గొంతు బిగుసుకుని, దద్దుర్లు లేచి, పెదాలు నాలుక వాస్తే అది ప్రాణాంతకమైన అలర్జీ. శ్వాస పద్ధతులు చెబుతూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. మెట్లెక్కితే గొంతు, దవడ బిగుసుకుని, ఆగితే తగ్గుతోందంటే గుండెను అనుమానించాలి. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో గుండెపోటు ఛాతీనొప్పి లేకుండానే రావచ్చు. నలభై దాటాక మొదటిసారి ఇలాంటి దాడి వస్తే ఈసీజీ తీయించకుండా పానిక్ అని మీరే తేల్చేయకండి. ఊపిరి పీల్చినప్పుడు కూత వినిపించినా, ఉమ్మి మింగలేక చొంగ కారుతున్నా క్షణం ఆగొద్దు. మెతుకు దిగకపోవడం, మింగితే నొప్పి, మూడు వారాలు దాటిన గొంతు బొంగురు, మెడలో గడ్డ, బరువు తగ్గడం, నోట్లో రక్తం పడటం... వీటిలో ఏ ఒక్కటున్నా ఈఎన్‌టీ డాక్టరు చూడాల్సిందే. గుట్కా, ఖైనీ, చుట్ట, సిగరెట్ అలవాటున్నవాళ్లు ఒక్కరోజు కూడా వాయిదా వేయకూడదు.

ఇక మాత్రల సంగతి. ఏ సాయంత్రమైనా మందుల షాపు ముందు కాసేపు నిలబడితే తెలుస్తుంది. ఒకాయన జేబులోంచి కత్తిరించిన స్ట్రిప్ ముక్క తీసి ‘ఇదే ఇవ్వన్నా’ అంటాడు. కౌంటర్ వెనకాల కుర్రాడు కత్తెరతో నాలుగు మాత్రలు కత్తిరించి ఇస్తాడు. చీటీ అడగడు, రిజిస్టర్ తెరవడు. ఆ మాత్ర చాలాసార్లు ఆందోళనను అణిచే ఆల్ప్రాజోలం. 2014 మార్చి నుంచి అది షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చారన్నది విడిగా రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు భద్రపరచాలి.

ఈ కట్టుదిట్టం ఊరికే పెట్టలేదు. మాత్ర వేసుకున్న కాసేపటికి గొంతు వదులవుతుంది, నిజమే. కొన్ని వారాలు వరసగా వాడితే శరీరం అది లేకుండా ఉండలేదు. మందుతో పాటు మద్యం తాగితే నిద్రలోనే ఊపిరి మందగించి ఆగిపోవచ్చు. పెద్దవాళ్లు రాత్రి లేచి పడిపోయి తుంటి విరగ్గొట్టుకుంటారు. హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపే మత్తుమందుల్లో ఇదొకటి. 2015లో అధికారుల దాడులతో ఆ కల్లు సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్ వైపు జనం ఫిట్స్‌తో, మతి చలించినట్టు ప్రవర్తిస్తూ ఆస్పత్రుల పాలయ్యారు. అదే మందును మనం గొంతు పట్టేసిందని పదీ ఇరవై రూపాయలకు కొని మింగుతున్నాం. చాలాకాలంగా వాడుతున్నవాళ్లు మాత్రం ఇది చదివి ఇవాళే మానేయకండి. డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.

పానిక్‌కు సరైన వైద్యం ఉంది. భయాన్ని పుట్టించే ఆలోచనలనూ, ఆ భయంతో మనం తప్పించుకు తిరిగే పనులనూ ఒక్కొక్కటిగా ఎదుర్కోవడం నేర్పే సీబీటీ అనే చికిత్స ఉంది. అవసరమైతే అలవాటుగా మారని మందులున్నాయి. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, ఓపిక పట్టాలి. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి, బోధనాస్పత్రుల్లో విభాగాలున్నాయి.

డాక్టర్లకూ ఒక మాట. ఎండోస్కోపీ బాగుందని ‘నీకేమీ లేదమ్మా’ అని పంపేస్తే ఆమె ఇంకో ఆస్పత్రికి వెళ్తుంది, అక్కడా మరో పరీక్ష. గొంతు ఎందుకు బిగుస్తోందో రెండు నిమిషాలు విడమరిచి చెప్పి, ఎవరి దగ్గరికి వెళ్లాలో రాసివ్వండి. మందుల షాపుల వాళ్లు చీటీ అడగండి. ఔషధ నియంత్రణ అధికారులు ఆ రిజిస్టర్లు తెరిపించి చూడండి.

ఇంట్లో ఎవరికైనా ఈ బాధ ఉంటే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి నంబరు 14416 ఇప్పుడే ఫోన్‌లో వేసుకోండి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఈ సేవ ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.