మల్బరీ వేరు మందే, కానీ ఆ మెసేజ్ తప్పు



మల్బరీ వేర్లు కాచి తాగితే షుగర్ పోతుందని, చైనాలో వేల ఏళ్లుగా ఇదే మందని మన ఫోన్లలో ఒక మెసేజ్ తిరుగుతోంది. పాత తోట పెరికితే ఆ వేర్లు మనకు పొయ్యిలోకే. అవి మందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది, మాకూ పుట్టింది. అందుకే వివరంగా చూశాం.

చైనా వైద్యంలో మల్బరీ ఆకు, కొమ్మ, పండు, వేరు బెరడు నాలుగూ వేర్వేరు మందులు. ఒకదాని పని ఇంకొకదానికి అప్పజెప్పరు. వేరు బెరడును సాంగ్ బాయ్ పీ అంటారు. ఆకు రాలాక, మళ్లీ చిగురు రాకముందే వేరు తవ్వుతారు. పై పొట్టు గీకేసి, వేరును నిలువునా చీల్చి, లోపలి తెల్ల బెరడు మాత్రం ఒలిచి ఎండబెడతారు. ఊపిరితిత్తుల్లో వేడి వల్ల వచ్చే దగ్గు, ఆయాసం, ఒంట్లో నీరు చేరి వాయడం, వీటికి వాడతారు. దగ్గుకు తేనెతో వేయించి ఇవ్వడమూ ఉంది. చలి చేసి వచ్చిన దగ్గుకు మాత్రం ఇది సరిపడదని ఆ వైద్యమే చెప్తుంది. తూకం కూడా 6 నుంచి 12 గ్రాములే. మెసేజ్‌లో ఉన్నట్టు గుప్పెడు వేర్లు కాదు.

మరి షుగర్ మాట ఎక్కడిది? 2020లో చైనా ప్రభుత్వం టైప్ 2 షుగర్‌కు ఒక మాత్రను అనుమతించింది. అది మల్బరీ కొమ్మల నుంచి వేరు చేసిన ఆల్కలాయిడ్లతో చేసింది, రోగుల మీద పరీక్షించాకే అమ్మకానికి వచ్చింది. మెసేజ్‌లో కొమ్మ కాస్తా వేరైంది, మాత్ర కాస్తా కషాయమైంది. దీన్ని నమ్మి ఇంట్లో పెద్దవాళ్లు షుగర్ మాత్రలు మానేస్తే ఆ నష్టం ఎవరు తీరుస్తారు?

ఇంకొకటి. వాళ్లు మందుకు తీసేది మోరస్ ఆల్బా అనే చెట్టు వేరు. మన వి1, ఎం5 ఆకు కోసం ఎంచుకున్న రకాలు. పైగా వేరుముడి నులిపురుగుకు గుళికలు, వేరుకుళ్లుకు మందులు మనం వేసింది ఆ వేర్ల దగ్గరే. మందు కొట్టాక ఇన్ని రోజులు ఆగి గానీ పురుగులకు ఆకు వెయ్యం. పురుగు మీద ఉన్నంత జాగ్రత్త మనిషి మీద ఉండొద్దా?

వేరుకు ధర రావద్దని మేము అనడం లేదు. మైసూరు పట్టు పరిశోధనా సంస్థ, హోసూరు జెర్మ్‌ప్లాజం కేంద్రం మన రకాల వేర్లను పరీక్షించి, అందులో మందు గుణం ఎంత, పురుగుమందు అవశేషం ఎంత అన్నది రైతుకు చెప్పాలి. తోట మార్చేటప్పుడు వచ్చే వేర్లకు అప్పుడు న్యాయంగా ధర అడగొచ్చు. అంతవరకు బాగున్న తోటను వేర్ల కోసం పెరకొద్దు. వేరు తీస్తే చెట్టు పోయినట్టే, ఆకు ఇచ్చే పంటలన్నీ పోయినట్టే. వేర్లు కొంటామని ఎవరైనా ముందుగా డబ్బు కట్టమంటే కట్టొద్దు.

ఆ మెసేజ్ మీకొస్తే ముందుకు పంపకండి. దాని బదులు ఇది పంపండి.