పదార్థబలశాస్త్ర బోధనను గూర్చి ఒక విన్నపము

తెలంగాణ రాష్ట్ర సాంకేతిక విద్యా శిక్షణా మండలి కార్యదర్శి మహోదయులకు అచ్చంపేటనుండి విన్నవించునది:

గోడనుండి ముందుకు చొచ్చి, రెండవ కొనయందు ఏ ఆధారమును లేక నిలిచియుండు సజ్జ తన బరువుచేతనే క్రిందికి వంగజూచును; అట్లు వంగునపుడు దాని పైభాగము సాగుచు, అడుగుభాగము నలుగుచుండును. కాంక్రీటు నలుగుటకు ఓర్చునే గాని సాగుటకు మిక్కిలి దుర్బలము. 28 దినములకు చదరపు మిల్లీమీటరునకు 20 న్యూటన్ల ఒత్తిడిని తాళగల ఎం20 కాంక్రీటు, వంపులో సాగునపుడు సుమారు 3 న్యూటన్లకే పగులును. కావున సజ్జలో ఇనుపచువ్వలు పైకి చేరువగ నుండవలెను. ఇరుగోడలపై ఆనిన దూలములోనైతే అడుగున నుండవలెను. కాంక్రీటు పోయువేళ పాదముల క్రిందబడి సజ్జచువ్వలు అణగిపోయినచో, లెక్క యెంత చక్కనిదైనను, ఇనుము ఎంత మేలైనదైనను, సెంట్రింగు విప్పిననాడే ఆ సజ్జ కూలవచ్చును.

డిప్లొమాలో సివిల్ ఇంజినీరింగు చదువు మా ప్రాంతపు పిల్లలను నేనీ సంగతి అడుగుచుందును. వంపు సమీకరణమును తడుముకొనక అప్పజెప్పువారే, సజ్జలో చువ్వ ఎచ్చట నుండవలెనన్నచో మౌనము వహించుచున్నారు. వారి బుద్ధికి లోపమేమియు లేదు. ప్రతిబలము, వికృతి, స్థితిస్థాపకత యను భావములు పరీక్షకై కంఠమున నిలుచుచున్నవి గాని చేతికి తగులుట లేదు. ఫలితమును ముందే చదివి ప్రయోగశాలకు పోవు విద్యార్థికి అచట తెలిసికొనదగిన దేమి మిగులును?

ఈ శాస్త్రము పుట్టిన తీరును తలచుకొనుడు. 1638లో గెలీలియో, దూలపు లోతు ఇబ్బడియైనచో బలము నాలుగింతలగునని సరిగనే కనుగొనెను; కాని లోపలి ప్రతిబలము ఎట్లు పంచుకొనబడునో ఊహించుటలో తప్పి, దూలపు బలమును మూడింతలు హెచ్చుగ లెక్కించెను. అటుపిమ్మట ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మరియోట్ కొయ్యకడ్డీలను, గాజుకడ్డీలను విరిచి చూచినపుడు గాని ఆ హెచ్చు బయటపడలేదు.

చేతితో తాకి నేర్చు ఇట్టి విద్య మా పాలమూరు (మహబూబ్‌నగర్) సీమకు క్రొత్త కాదు; పాలమూరు కూలీ నెరుగని ఆనకట్ట ఈ దేశమున అరుదు. సుత్తిదెబ్బ ధ్వనినిబట్టియే బండ ఎటు చీలునో చెప్పగల తాతల మనుమలు నేడు వనపర్తి రాజప్రాసాదమున నెలకొన్న పాలిటెక్నిక్కు వంటి విద్యాలయములకు వచ్చుచున్నారు. రాతి గుణమును వారెరుగవలసిన అక్కరయు మా చెంతనే యున్నది: మాకు పొరుగుననున్న దోమలపెంటవద్ద 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగపు కప్పు కూలి ఎనిమిదిమంది లోపల చిక్కుకొనిరి. ఆ దుర్ఘటనకు కారణములను నిర్ణయించుట నా పని కాదు. అయినను, యంత్రములో నలిపిన రాతిముక్క బలము వేరు, పగుళ్ళతోను నీటితోను కూడిన కొండ బలము వేరు అని నల్లమల యంచున పెరుగు విద్యార్థి ఎరుగకుండుట ఎంతమాత్రము తగదు.

నేను కోరునది స్వల్పము. సమీకరణమును నల్లబల్లపై వ్రాయుటకు ముందే, ప్రతి విద్యార్థిబృందముచేత రెండు చిన్న దూలములు పోయింపుడు: ఒకదానిలో చువ్వ అడుగున, మరియొకదానిలో పైన. కొన్నాళ్ళు నీటనుంచిన పిమ్మట వారిచేతనే విరిపించి, ఏది ముందు విరిగినదో, ఎచ్చట పగులు పుట్టినదో తెలుగున వ్రాయింపుడు. పరీక్షలో ఒక్క ప్రశ్నయైనను, విరిగిన ముక్కను చూపి అది ఏల విరిగినదని అడుగునదై యుండవలెను. దానికి తెలుగున సమాధానము వ్రాసినవారికి మార్కులు తగ్గింపరాదు. పాఠ్యప్రణాళికను మరల సవరించునపుడు ఈ కోరికలను పరిశీలింప ప్రార్థించుచున్నాను.

భవదీయుడు,
అచ్చంపేట వాస్తవ్యుడొకడు