బొమ్మ గీసిన చేతికి కూలి ఏదీ?

పలక మీద అక్షరాలు దిద్దమంటే పిట్టల్ని గీసి దెబ్బలు తిన్న ఆడపిల్ల మన ఇళ్ళల్లో ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది. లెక్కల నోటుపుస్తకంలో చివరి పేజీలు, బొగ్గుముక్క దొరికితే వంటింటి గోడ, ఆమెకు దొరికిన కాగితాలు అవే. పెద్దలు వాటిని పిచ్చిగీతలన్నారు. ఆ పిల్ల పదో తరగతికి వచ్చేసరికి ఆ పిచ్చిగీతలే అందరికీ అవసరమవుతాయి. అన్న సైన్సు రికార్డులో కప్ప బొమ్మ ఆమే వెయ్యాలి. పక్కింటి పెళ్ళికి ముగ్గు, కొబ్బరి బోండాం మీద రంగులు, వదిన చీర మీద డిజైను ఆమే వెయ్యాలి. అందరూ 'బంగారు చెయ్యి' అని మెచ్చుకుంటారు. ఆ చేతిలో ఒక్క రూపాయి పెట్టినవారు మాత్రం ఉండరు.

అదే పిల్ల బొమ్మలే నేర్చుకుంటానంటే మాట మారిపోతుంది. 'అది కూడు పెడుతుందా?' అన్న ప్రశ్న మగపిల్లవాడికీ ఎదురవుతుంది. ఆడపిల్లకు దానితోపాటు ఇంకో నాలుగు ప్రశ్నలు: పై ఊళ్ళో ఎవరింట్లో ఉంటావు, చీకటిపడ్డాక ఎలా వస్తావు, రంగులకు డబ్బెవరిస్తారు, అత్తవారు ఒప్పుకుంటారా? మరీ పట్టుబడితే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసి డ్రాయింగ్ టీచరు కమ్మంటారు. దాన్ని నేను తక్కువ చేయడంలేదు. కానీ ఆమె కోరుకున్నది అది కాకపోవచ్చు కదా!

మన ముగ్గునే చూడండి. తెల్లవారకముందే లేచి, చుక్కలు లెక్కపెట్టి, గీత తెగకుండా కలిపే నేర్పు ఎంతమంది చిత్రకారులకుంది? మధ్యాహ్నానికల్లా అది కాళ్ళకింద చెరిగిపోతుంది. దాన్ని మనం కళ అనం, పని అనం, ఆచారం అని ఊరుకుంటాం. వంటకూ పురిటికీ రోగుల సేవకూ పట్టిన గతే ముగ్గుకూ పట్టింది.

బీహారులో మిథిల స్త్రీలు కూడా ఇలాగే తరతరాలుగా పెళ్ళింటి గోడల మీద బొమ్మలు వేశారు. 1960ల నడుమ అక్కడ కరువు వచ్చినపుడు అఖిల భారత హస్తకళల బోర్డు వారికి కాగితమిచ్చి బొమ్మలు వేయించి కొనే ఏర్పాటు చేసింది. చెయ్యి అదే, గీతా అదే. గోడ మీది నుంచి కాగితం మీదికి రాగానే దానికొక ధర వచ్చింది, వేసినామెకు ఒక పేరు వచ్చింది. జగదంబాదేవికి 1975లో, సీతాదేవికి 1981లో, గంగాదేవికి 1984లో పద్మశ్రీ వచ్చింది. భర్త మరో పెళ్ళి చేసుకోగా ఒంటరిగా నిలబడిన గంగాదేవి, బొమ్మనే బతుకుతెరువు చేసుకుంది. చివరికి తన కాన్సరు చికిత్సను కూడా బొమ్మలుగా వేసి 1991లో కన్నుమూసింది.

మన దగ్గర విశాఖపట్నంలో రాగతి పండరి ఉండేది. చిన్నప్పుడే పోలియో వచ్చినా, దాదాపు అందరూ మగవాళ్ళే ఉన్న తెలుగు కార్టూన్ రంగంలో 2015లో చనిపోయేదాకా వేల కార్టూన్లు గీసింది. కార్టూన్‌ను ఇంట్లో కూర్చుని గీసి పోస్టులో పంపవచ్చు. కింద సంతకం ఉంటుంది కాబట్టి ఆ బొమ్మ ఎవరిదో పాఠకులకు తెలుస్తుంది. గడప దాటలేని ఎందరో ఆడపిల్లలకు ఈ రెండూ చిన్న విషయాలు కావు.

ఇక మన సంగతికి వస్తాను. నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ కిందట మార్చి 8 సభకు పోస్టరు వెయ్యమని ఒక అమ్మాయిని అడిగాను. రాత్రంతా మేలుకొని వేసి తెచ్చింది. ప్రెస్సుకు డబ్బిచ్చాం. కాగితానికీ మైకుకూ ఆటోకూ ఇచ్చాం. ఆమెకు శాలువా కప్పాం. పోస్టరు మీద మా సంస్థ పేరుంది, ప్రెస్సు పేరుంది, ఆమె పేరు లేదు. మరుసటి ఏడాది మళ్ళీ అడిగితే, 'రంగులు కొనడానికి డబ్బుల్లేవు అక్కా' అంది. స్త్రీల చాకిరికి విలువ కట్టాలన్నదే ఆ పోస్టరు మీది నినాదం.

చట్టం ఏమంటుందో కూడా మనం తెలుసుకోవాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ గీసిన వ్యక్తే దాని కర్త. మామూలుగా హక్కు ఆమెదే, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. అయితే డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగు మీద, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు వేయించుకున్నవారికి పోతుంది. అందుకే ముందుగా ఒక కాగితం రాసుకోవడం అవసరం. ఆమె తన హక్కును మరొకరికి ఇస్తే అది రాతపూర్వకంగా ఉండాలి. గడువు రాయకపోతే అయిదేళ్ళుగానే లెక్క. హక్కు ఇచ్చేసిన తర్వాత కూడా 'ఇది నా బొమ్మ' అని చెప్పుకునే హక్కు, తన పరువు పోయేలా దాన్ని మార్చితే అభ్యంతరం చెప్పే హక్కు 57వ సెక్షను ప్రకారం ఆమెకే ఉంటాయి.

మనకు నిధులెక్కడివని కొందరు అడగవచ్చు. నిజమే, చాలా సంస్థలకు అద్దె కట్టడమే కష్టం. కానీ ప్రెస్సువాడిని మనం ఊరికే అచ్చువేయమని అడగడంలేదే! ఉచితంగా వేస్తానన్న మాట ఆమె నోటినుంచి రావాలి, మన నోటినుంచి కాదు.

నేను కోరేవి నాలుగే. వాచకమైనా పోస్టరైనా కరపత్రమైనా బొమ్మ వేసినామె పేరు అచ్చులో ఉండాలి. ప్రతి కార్యక్రమం బడ్జెట్టులో బొమ్మలకు విడిగా ఒక పద్దు ఉండాలి. ఏ పనికి, ఎంతకాలం వాడుకుంటామో ఒక ఉత్తరం రాసివ్వాలి. అసలు బొమ్మ ఆమెకు తిరిగి ఇవ్వాలి. వచ్చే ఏడాది లెక్కలు ముందేసుకుని కూర్చున్నప్పుడు ఈ నాలుగూ మన సంస్థలన్నింటిలో చర్చకు రావాలి. మా సంస్థలో ఆ చర్చ నేనే మొదలుపెడతాను, ఆ అమ్మాయికి ఇవ్వాల్సిన బాకీతో సహా.