ఇంటి నంబరే నసీబా?

పోయిన జుమ్మా నాడు నా ఖాలాజాద్ తమ్ముడు డల్లాస్ నుంచి ఫోన్ చేశాడు. సలాం దువా అయ్యీ కాకముందే షికాయత్ మొదలుపెట్టాడు. "భాయ్, ఇంటి పన్ను కాగితం వచ్చింది. అందులో అన్నిటికంటే పెద్ద రకమ్ స్కూల్ డిస్ట్రిక్ట్‌దే. పైగా మా డిస్ట్రిక్ట్‌లో వసూలైన దాంట్లో కొంత పేద డిస్ట్రిక్టులకు పోతుందట. రాబిన్ హుడ్ చట్టమంట. కమాయి నాది, పిల్లలు నా వాళ్లు. మధ్యలో వాళ్లెవరు?"

ఫోన్‌లో బహస్ పెట్టుకోవడం ఇష్టం లేక ఊరుకున్నాను. కానీ అమెరికాలో ఇల్లు కొన్న మనవాళ్లలో చాలామంది నోట ఇదే మాట విన్నాను. అందుకే ఈ జవాబు.

ముందు హిసాబ్ చూద్దాం. అక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా కాదు. బడుల కోసమే గీసిన సరిహద్దు అది. దానికి సొంత బోర్డు, సొంత పన్ను. ఇంటికి ధర కడతారు, ప్రతి 100 డాలర్ల విలువకు ఇంత అని డిస్ట్రిక్ట్ పన్ను వేస్తుంది. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి బడి బరువు ఇళ్లు, దుకాణాలు, భూముల మీదే ఎక్కువ పడుతుంది. తక్కువైన చోట రాష్ట్ర సర్కారు ఒక లెక్క ప్రకారం కొంత కలుపుతుంది.

వినడానికి ఇన్సాఫ్‌గానే ఉంది కదా? ఇప్పుడు రెండు బస్తీలను ఊహించండి. ఒకచోట ఒక్కో విద్యార్థికి 10 లక్షల డాలర్ల ఆస్తి ఉంది, ఇంకోచోట లక్ష డాలర్లదే. ఇద్దరూ వందకు ఒక డాలరు చొప్పున కట్టారు. మొదటి పిల్లవాడికి 10,000 డాలర్లు వచ్చాయి, రెండోవాడికి 1,000. సమానం కావాలంటే గరీబు పదిరెట్ల రేటు కట్టాలి.

ఇది కల్పించిన లెక్క అంటారేమో. అసలు లెక్కలు ఇంతకన్నా చేదు. శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అనే డిస్ట్రిక్ట్ ఉంది. 1968లో అక్కడ పిల్లల్లో దాదాపు 90 శాతం మెక్సికన్ అమెరికన్లు. ఆ ఏడాది మే నెలలో బడి దుస్థితి మీద విద్యార్థులే క్లాసులు వదిలి బయటికొచ్చారు. దెమెత్రియో రోడ్రిగెజ్ అనే తండ్రి మరికొందరు తల్లిదండ్రులతో కలిసి అదాలత్‌కు వెళ్లాడు. రేకుల పని చేసుకునే మనిషి, ఒకప్పుడు ఫౌజ్‌లో పనిచేసినవాడు.

ఎడ్జ్‌వుడ్‌వాళ్లు వందకు 1.05 డాలర్లు కడుతున్నారు. అదే నగరంలోని దౌలత్‌మందుల బస్తీ ఆలమో హైట్స్ కడుతున్నది 0.85 మాత్రమే. రాష్ట్ర పథకానికి కట్టాల్సిన వాటా పోగా ఎడ్జ్‌వుడ్‌కు ఒక్కో పిల్లవాడికి మిగిలింది 26 డాలర్లు. ఆలమో హైట్స్‌కు 333. మరి రాష్ట్ర సర్కారు ఈ గుంత పూడ్చిందా? పేద పిల్లవాడికి 222 డాలర్లు ఇచ్చి, ధనవంతుల పిల్లవాడికి 225 ఇచ్చింది! ఎక్కువ శాతం కట్టినవాడికి తక్కువ చదువు. దీన్ని ఖానూన్ అన్నారు.

1973లో అమెరికా సుప్రీం కోర్టు 5-4 మెజారిటీతో రోడ్రిగెజ్ కేసు కొట్టేసింది. దేశ రాజ్యాంగంలో తాలీమ్ ప్రాథమిక హక్కు కాదు పొమ్మంది. 1954 నాటి బ్రౌన్ కేసులో నల్ల పిల్లల తరఫున వాదించి గెలిచిన వకీలు థర్గుడ్ మార్షల్ అప్పటికి జడ్జిగా ఉన్నాడు. ఆయన గట్టిగా ఇఖ్తిలాఫ్ రాశాడు. ఏం లాభం, ఒక్క ఓటు తక్కువైంది.

ఎడ్జ్‌వుడ్ సబర్ చేసింది గానీ చేతులు ముడుచుకోలేదు. ఈసారి రాష్ట్ర రాజ్యాంగం పట్టుకుని పోరాడితే 1989లో టెక్సాస్ సుప్రీం కోర్టులో తొమ్మిది మంది జడ్జీలూ ఒక్క మాటగా గెలిపించారు. అప్పటికి అక్కడ అత్యంత ధనిక డిస్ట్రిక్ట్‌లో ఒక్కో విద్యార్థికి కోటీ 40 లక్షల డాలర్ల పైచిలుకు ఆస్తి ఉంటే, అత్యంత పేద డిస్ట్రిక్ట్‌లో సుమారు 20 వేలు. అంటే 700 రెట్ల ఫరక్! ఆ తీర్పు తరువాతే, 1993లో, మా తమ్ముడు తిడుతున్న ఆ రాబిన్ హుడ్ చట్టం వచ్చింది. కాబట్టి తమ్ముడూ, అది నీ జేబు కొట్టడానికి ఎవడో పన్నిన ఫరేబ్ కాదు. పాతికేళ్లకు దక్కిన ఇన్సాఫ్. ఆ పైసలు ఖైరాత్ కాదు, వాళ్ల హఖ్.

"కమాయి నాది" అన్నావు. నీ జీతం నీ కమాయి, ఒప్పుకున్నాను. నీ ఇంటి ధర కూడా నీ ఒక్కడి కమాయేనా? ఆ ధరలో సర్కారు వేసిన సడక్ ఉంది, పక్కనున్న ఆఫీసులు ఉన్నాయి, మంచి పేరున్న బడి ఉంది. బడి వల్ల ఇంటి ధర పెరుగుతుంది, ఇంటి ధర వల్ల బడికి పైసలు పెరుగుతాయి. ఈ చక్రంలోకి అడుగు పెట్టగలిగినవాడికి అంతా లాభమే. బయట ఉన్నవాడికి తలుపు మూసే ఉంటుంది.

"వాళ్లు కిరాయి ఇళ్లలో ఉంటారు, పన్ను కట్టరు" అని కూడా అంటారు. మకాన్ మాలిక్ కట్టే పన్ను కిరాయిలో కలిసే ఉంటుంది. నువ్వూ ఇల్లు కొనకముందు ఏళ్ల తరబడి కిరాయి కట్టావు కదా! 2023లో టెక్సాస్‌లో సొంత ఇంట్లో ఉండేవాళ్లకు స్కూల్ పన్ను లెక్కలో మాఫీ అయ్యే విలువను 40 వేల డాలర్ల నుంచి లక్షకు పెంచారు. నీకు మాఫీ దొరికింది. కిరాయిదారుకు ఆ మాఫీ నుంచి నేరుగా ఒక్క సెంటూ రాలేదు.

ఒహాయోలోని ఆక్రన్‌లో ఒక నల్ల తల్లి తన ఇద్దరు ఆడపిల్లలను వాళ్ల నానా అడ్రసుతో పక్క డిస్ట్రిక్ట్ బడిలో చేర్చింది. 2011లో ఆమెకు పది రోజుల జైలు వేశారు. ఇంటి నంబరును బట్టి చదువు పంచితే, మంచి చదువు కోరడం కూడా జుర్మ్ అవుతుంది.

నీ షికాయత్‌లో ఒక్క మాట మాత్రం సచ్. ఇళ్ల ధరలు పెరిగే కొద్దీ రాష్ట్రం తన వాటా తగ్గించుకుంటూ, బరువు డిస్ట్రిక్టుల మీదికి నెడుతుంది. అయితే ఆ గుస్సా ఆస్టిన్‌లో కూర్చున్న హుకూమత్ మీద చూపించు. ఎడ్జ్‌వుడ్ పిల్లల మీద కాదు. రాష్ట్రం వాటా పెంచమని అడుగు. ఓటు హక్కు ఉన్నవాళ్లు స్కూల్ బోర్డు ఎన్నికలను వదలకండి. ఓటు లేనివాళ్లు బోర్డు మీటింగులకైనా వెళ్లండి.

చివరిగా కడప సంగతి. మన దగ్గర ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయాల కోసం సెస్సు వేస్తారు. సర్కారీ టీచర్ల తన్‌ఖా మాత్రం రాష్ట్ర ఖజానా నుంచే వస్తుంది. మన సర్కారీ బడులు జన్నత్ అనను. పైసలున్నవాళ్లు ప్రైవేటుకు పోయాక వాటి గతి ఏమైందో అందరికీ తెలుసు. కానీ ఒక్కటి గుర్తు చేసుకో. మనిద్దరం చదివింది ఒకే బడిలో. మీ అబ్బా, మా అబ్బా ఇద్దరిదీ కిరాయి ఇల్లే. పన్ను రసీదు మీద మన ఖాందాన్ పేరు ఒక్కసారీ లేదు. మీ మొహల్లాలో వసూలైంది ఎంత అని మనల్ని ఎవరూ అడగలేదు. ఎవరి కమాయితోనో మన మాస్టర్లకు తన్‌ఖా అందింది, నువ్వు డల్లాస్ దాకా వెళ్లావు.

ఆ రోజు వాళ్లెవరూ "మధ్యలో వీళ్లెవరు?" అనలేదు, బేటా.