పాత స్పోర్ట్స్ కారుకు వేరే ఇంజిన్ వేయిస్తున్నారా? షెడ్డుకు వెళ్లే ముందు ఆర్సీ ఓసారి చూసుకోండి

‘ఇంజిన్ బోరుకొచ్చింది సార్. దీనికి పెట్టే ఖర్చుతో వేరే ఇంజిన్ ఎక్కించేద్దాం. పికప్ చూస్తే మీరే ఆశ్చర్యపోతారు.’ పాత కారు మీద మోజున్నవాళ్లకు మెకానిక్ చెప్పే ఈ మాట ఎంత తీయగా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఏ ఇంజిన్ సరిపోతుంది, గేర్‌బాక్స్ కలుస్తుందా, ఎంతవుతుంది అని అక్కడికక్కడే లెక్కలు మొదలవుతాయి. ఆ బండి మళ్లీ చట్టబద్ధంగా రోడ్డెక్కుతుందా అన్న ప్రశ్న మాత్రం చాలామందికి పని పూర్తయ్యాకే గుర్తొస్తుంది. అప్పటికి చేతిలో చిక్కు మాత్రమే మిగులుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 1990ల చివర్లో మన దేశంలో తయారైన రెండు సీట్ల శాన్ స్టార్మ్ కారు మీ దగ్గర ఉందనుకోండి. ఫైబర్‌గ్లాస్ బాడీ, తెరుచుకునే టాప్, 1149 సీసీ రెనో ఇంజిన్, సుమారు 60 హార్స్‌పవర్. చూడటానికి స్పోర్ట్స్ కారే అయినా పరుగు మాత్రం మామూలు చిన్న కారుదే. అమ్ముడైనవి తక్కువ, తయారీ ఎప్పుడో ఆగిపోయింది, విడిభాగాలు దొరకడం గగనం. మరోవైపు 2000 ప్రాంతంలో వచ్చిన హోండా సిటీ వీటెక్ 1.5 లీటర్ల ఇంజిన్ ఉంది. అది 100 హార్స్‌పవర్‌కు పైనే ఇస్తుంది. దాన్ని తెచ్చి దీంట్లో పెడితే? షెడ్డులో కష్టపడితే కుదరొచ్చు. ఆర్సీలో మాత్రం కుదరదు.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం-1988లోని 52వ సెక్షన్ దీనికి ఆధారం. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు, ఆర్సీలోని వివరాలకు పొంతన లేకుండా పోయేలా బండిని మార్చకూడదన్నది ఆ సెక్షన్ సారం. 2000లో సవరణతో దీన్ని ఇలా బిగించారు. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట స్పష్టం చేసింది. రాష్ట్రాల నిబంధనలు, సర్క్యులర్లు ఏవైనా ఈ సెక్షన్‌కు లోబడే ఉండాలంది.

ఇప్పుడు మీ ఆర్సీ తీసి చూడండి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, సీసీ, ఇంధనం, సిలిండర్లు... అన్నీ అందులో ఉంటాయి. స్టార్మ్‌లో 1.5 లీటర్ల హోండా ఇంజిన్ పెడితే నంబరుతో పాటు సీసీ, ఇంజిన్ తయారీదారు కూడా మారిపోతాయి. తయారీదారు అలాంటి కారును ఎప్పుడూ తయారు చేయలేదు, అలాంటిదానికి ఆమోదమూ తీసుకోలేదు. అందుకే ఆ మార్పును ఆర్సీలో ఎక్కించడానికి అధికారికి దారి ఉండదు.

మరి ఇంజిన్ అసలు మార్చకూడదా అంటే, మార్చొచ్చు. అదే కంపెనీ, అదే మోడల్, అదే సామర్థ్యం ఉన్న ఇంజిన్ వేస్తే మారేది నంబరు ఒక్కటే. ముందస్తు అనుమతి లేకుండా ఇంజిన్ మార్చాల్సి వస్తే 14 రోజుల్లోగా మీరుండే ప్రాంతపు రవాణా అధికారికి తెలిపి, ఆర్సీ అప్పగించి, ఫీజు కట్టి కొత్త వివరాలు నమోదు చేయించుకోవాలని ఇదే సెక్షన్ చెబుతోంది. అయితే ఈ 14 రోజుల మాటను ధీమాగా పట్టుకోకండి. పని మొదలుపెట్టక ముందే దరఖాస్తు పెట్టి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోవడమే మేలు. కారు మీద ఫైనాన్స్ ఉంటే వాళ్ల రాతపూర్వక సమ్మతి కూడా కావాలి.

‘నంబరు పంచ్ చేసేద్దాం సార్’

ఇలాంటి పనుల్లో ఎక్కువ ప్రమాదం తెచ్చేది ఈ సలహాయే. వేరే ఇంజిన్ బ్లాక్ మీదున్న నంబరు అరగదీసి, మీ పాత నంబరు కొట్టేస్తే ఎవరికీ తెలియదంటారు. తెలుస్తుంది. అరగదీసిన చోట రసాయనాలు పూసి పాత అంకెలను బయటకు తీసే పద్ధతి ఫోరెన్సిక్ ల్యాబుల్లో మామూలే. పైగా ఆ ఇంజిన్ దొంగ బండిదైతే కేసు మీ మెడకు చుట్టుకుంటుంది. దొంగ బండ్లను విప్పి విడిభాగాలుగా అమ్ముతారన్న పేరున్న మీరట్‌లోని సోతీగంజ్ మార్కెట్‌ను 2021 చివర్లో పోలీసులు ఎలా మూయించారో గుర్తుండే ఉంటుంది.

నంబరు మార్చకుండా, ఎవరికీ చెప్పకుండా తిరిగినా ఇబ్బందే. బండి మీదున్న ఇంజిన్ నంబరు లేదా ఛాసిస్ నంబరు ఆర్సీతో సరిపోలకపోతే, యజమాని వాదన విన్నాక రిజిస్ట్రేషన్ రద్దు చేయాలని 55వ సెక్షన్ చెబుతోంది. అనుమతి లేని మార్పులు చేసిన యజమానికి 6 నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ విధించొచ్చని 2019 సవరణ తర్వాత 182ఏ సెక్షన్‌లో ఉంది.

‘రోడ్డు మీద బానెట్ ఎత్తి చూసేదెవరు?’ అనొచ్చు. నిజమే, మామూలు రోజుల్లో ఎవరూ చూడరు. కానీ సొంత కారు రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. తర్వాత ఐదేళ్లకోసారి రెన్యూవల్‌కు బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టాలి. పాత స్పోర్ట్స్ కార్లన్నీ దాదాపు ఈ దశలో ఉన్నవే. ఆ ఫీజులూ తక్కువేం కాదు. 2022 నుంచి కారుకు రూ.5,000 చేశారు. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు రూ.10,000, దిగుమతి కార్లకు రూ.80,000 చేశారు. అంత కట్టి వెళ్లాక నంబరు కలవలేదంటే బండి అక్కడే ఆగిపోతుంది.

అంతకంటే భయపెట్టేది బీమా. ఆర్సీలోని ఇంజిన్ ఒకటి, బండిలోని ఇంజిన్ మరొకటి అయితే సొంత నష్టం క్లెయిమ్ తిరస్కరించడానికి బీమా కంపెనీకి గట్టి కారణం దొరికినట్టే. మీ బండి ఎవరినైనా గుద్దితే సంగతి ఇంకా పెద్దది. పాలసీ షరతులు ఉల్లంఘించిన కేసుల్లో బాధితులకు కంపెనీ ముందు పరిహారం ఇచ్చి, ఆ తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోవాలని కోర్టులు చెప్పిన సందర్భాలున్నాయి. అలాంటి పరిహారం లక్షల్లో ఉంటుంది. ఆ లెక్క ముందు ఇంజిన్ ఖర్చు ఎంత?

మరి ఏం చేయాలి?

ముందు ఉన్న ఇంజిన్ నిజంగా పోయిందో లేదో తేల్చుకోండి. మంచి మెకానిక్‌తో కంప్రెషన్ టెస్ట్ చేయించండి. పొగ ఊదుతోందంటే రింగులు అరిగి ఉండొచ్చు, వాల్వ్ సీల్స్ పోయి ఉండొచ్చు. బ్లాక్ పగలకుండా ఉంటే లేత్‌లో బోర్ చేయించి, ఓవర్‌సైజ్ పిస్టన్లు వేసి మళ్లీ నిలబెట్టొచ్చు. అదే బ్లాక్, అదే నంబరు. దిగుమతి భాగాలకు ఎదురు చూడాల్సి రావొచ్చు కానీ ఆర్సీ జోలికి వెళ్లక్కర్లేదు. స్టార్మ్‌లోని ఇంజిన్‌నే యూరప్‌లో రెనో ట్వింగో, క్లియో కార్లలోనూ వాడారు కాబట్టి విడిభాగాల వేట మరీ నిరాశాజనకం కాదు. నన్నడిగితే, పాత కారున్న పదిమందిలో తొమ్మిదిమంది ఇక్కడే ఆగిపోవడం మంచిది.

బ్లాక్ పగిలిపోయి అదే మోడల్ ఇంజిన్ కొనాల్సి వస్తే, ఇంజిన్ కంటే ముందు దాని కాగితాలు చూడండి. జీఎస్టీ బిల్లు మీద ఇంజిన్ నంబరు రాసి ఉండాలి. విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ పాత సామాన్ల దుకాణాల్లోనో సెకండ్ హ్యాండ్‌ది తీసుకుంటే, అది ఏ బండిలోంచి తీశారో, ఆ బండి రిజిస్ట్రేషన్ రద్దయిన కాగితం ఉందో లేదో అడగండి. విదేశం నుంచి వచ్చిందంటే కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ చూపించమనండి. ‘కాగితాలెందుకు సార్, సరుకు చూడండి’ అంటే బేరం అక్కడే ఆపేయండి. ఎన్‌సీఆర్‌బీ నడిపే వాహన్ సమన్వయ్‌లో చోరీ బండ్ల వివరాలుంటాయి. పోలీసుల నుంచి చోరీది కాదన్న ధ్రువీకరణ తీసుకుని ఉంచుకుంటే ఆర్టీఏ కౌంటర్ దగ్గర పని తేలికవుతుంది. తర్వాత ఆర్సీ, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్, బిల్లు పట్టుకుని బండిని తనిఖీకి తీసుకెళ్లడమే. ఆర్సీ మారగానే బీమా కంపెనీకీ చెప్పి పాలసీలో కొత్త నంబరు ఎక్కించుకోండి. చాలామంది మరిచిపోయేది ఈ చివరి పనినే.

వేరే ఇంజినే కావాలని పట్టుబడితే చట్టం తెరిచి ఉంచిన తలుపు ఒకటుంది. ఆమోదం పొందిన కిట్‌తో ఇంధనం మార్చుకోవడం. సీఎన్‌జీ, ఎల్పీజీతో పాటు బ్యాటరీకి కూడా ఇది వర్తిస్తుంది. ఎలక్ట్రిక్ కిట్లను ఏఐఎస్-123 ప్రమాణం ప్రకారం పుణెలోని ఏఆర్ఏఐ వంటి సంస్థలు పరీక్షిస్తాయి. కిట్ అమ్మేవాళ్లు ‘అప్రూవ్డ్’ అనగానే నమ్మకండి. ఆ ఆమోదం మీ మోడల్‌కు వర్తిస్తుందా అన్నదే అసలు ప్రశ్న. అరుదైన కార్లకు అలాంటి కిట్ దొరకడం కష్టం.

రేసింగ్ మీద ఆసక్తి ఉంటే మరో దారి ఉంది. కారును ట్రాక్‌కే పరిమితం చేసుకుని, చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టైకో, కోయంబత్తూరులోని కరి స్పీడ్‌వేకో ట్రక్కు మీద తీసుకెళ్లడం. అప్పుడు ఏ ఇంజిన్ పెట్టాలన్నది రేసు నిర్వాహకుల నిబంధనల మీద ఆధారపడుతుంది. రోడ్డు మీద మాత్రం నడపకూడదు.

మీది 1970ల నాటి కారైతే ఇంకాస్త ఆలోచించండి. తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తున్నారు. బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో చెప్పుకోదగ్గ మార్పు ఉండకూడదన్నది షరతు. ఇవాళ ఇంజిన్ మార్చేస్తే రేపటి ఆ అవకాశం పోయినట్టే.

ఇందులో ఒక లోపం ఉందని ఒప్పుకోవాలి. పాత ఇంజిన్ తీసి తక్కువ కాలుష్యం చేసే కొత్త ఇంజిన్ పెడితే ఊరి గాలికి మంచిదే కదా? దాన్ని పరీక్షించి ఆమోదించే మార్గం మన దగ్గర వ్యక్తిగత యజమానికి అందుబాటులో లేదు. అమెరికాలో, ముఖ్యంగా మనవాళ్లు ఎక్కువగా ఉండే కాలిఫోర్నియాలో పద్ధతి వేరు. అక్కడ పెట్టే ఇంజిన్ కారు తయారైన ఏడాదికంటే పాతది కాకూడదు, దానితో వచ్చిన కాలుష్య నియంత్రణ పరికరాలన్నీ అలాగే ఉండాలి. రెఫరీ కేంద్రంలో తనిఖీ చేసి కారుకు లేబుల్ అంటిస్తారు. పాత మియాటా కొనాలనుకుంటున్న బే ఏరియా పాఠకులు బేరమాడే ముందు ఆ లేబుల్ ఉందో లేదో చూసుకోండి. 1975, అంతకుముందు మోడళ్లకైతే అక్కడ స్మాగ్ పరీక్షే లేదు.

మన దగ్గర పాత స్పోర్ట్స్ కారు కొనేవాళ్లు బానెట్ ఎత్తాల్సిందే. టార్చ్ పట్టుకుని బ్లాక్ మీద నంబరు చదవండి, ఆర్సీతో పోల్చండి. అంకెలు వంకరగా ఉన్నా, చుట్టూ గ్రైండింగ్ గీతలు కనిపించినా అడ్వాన్స్ ఇవ్వకండి.