మట్టి వాసన మాకేనా?

"పాటలో దమ్ముంది గానీ, మరీ నున్నగా ఉంది. మట్టి వాసన పోయింది."

నంద్యాలలో ఒక సభ అయిపోయినాక టీకొట్టు దగ్గర ఒక పెద్దమనిషి అన్న మాట ఇది. తమిళ ర్యాపర్ అరివు ఆల్బమ్ 'తెరుక్కురల్' గురించి. ఆయనెవరో చెప్పను. ఇది ఆయన ఒక్కడి మాట కాదు, అభ్యుదయవాదులమని చెప్పుకునే చానామంది నోట విన్నదే.

ముందు ఆల్బమ్ సంగతి. 2019లో వచ్చింది. రాసి పాడింది అరివు, సంగీతంలో తోడు ఆఫ్‌రో. 'తెరు' అంటే వీధి, 'కురల్' అంటే గొంతు. తిరుక్కురళ్ పేరు మీద విసిరిన చురక అది. సినిమా అండ లేదు, హీరో మొహం లేదు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నా. తమిళం నాకు సగమే అర్థమవుతుంది. అయినా, ఎంత వేగంగా పాడినా అక్షరం బీటు కింద నలగలేదు. బేస్ గొంతును మింగలేదు. కోపం ఉంది, ఆ కోపానికి కొలత కూడా ఉంది. ఇది దానంతట అది రాదు సామీ. కూర్చుని, పదిసార్లు విని, తీసేసి, మళ్లీ పెడితే వస్తుంది. దాన్ని పనితనం అంటారు.

ఆ బస్సు దిగేది ఆళ్లగడ్డలో. రోడ్డు వార శిల్పుల షెడ్లు, తెల్లటి రాతిదుమ్ము. ఇప్పుడక్కడ ఉలితో పాటు కరెంటు కట్టరు, గ్రైండరు కూడా మోగుతాయి. దేవుడి విగ్రహం నున్నగా వస్తే జనం చేతులెత్తి మొక్కుతారు. "గ్రైండరు పెట్టినారు, మట్టి వాసన పోయింది" అని ఒక్కడన్నా అన్నాడా? నునుపు దేవుడికైతే కళ, మాకైతే కల్తీనా?

మా తప్పెట సంగతి చూడండి. చెక్క చట్రానికి చింతగింజల బంకతో తోలు అంటించి, కొట్టేముందు మంట దగ్గర కాచి శ్రుతికి తెస్తారు. కాక తగ్గితే శబ్దం దిగిపోతుంది, మళ్లీ కాచాలి. ఒక చేతిలో లావు పుల్ల, ఇంకో చేతిలో సన్నపుల్ల, రెండింటికీ వేరే పని. శ్రుతి గురించి మాకు కొత్తగా చెప్పేదేముంది? మైకు మరీ దగ్గర పెడితే ఆ దెబ్బకు రికార్డింగ్ పగిలిపోతుంది. ఎంత దూరంలో పెట్టాలో ఓపిగ్గా వెతకాలి. ఆ ఓపిక ఎవరికుంది? "జాతర ఎఫెక్ట్ చాలు" అని వెనక ఎక్కడో కలిపేస్తారు.

గద్దర్ గొంతు మా వాడకు క్యాసెట్లలో వచ్చింది. కాపీకి కాపీ, దానికింకో కాపీ. గరగరమనేది. ఆ గరగరను ఇప్పుడు కొందరు 'అసలుసిసలు' అని మురిసిపోతున్నారు. అది మా సౌందర్యం కాదయ్యా, మా చేతిలో డబ్బు లేకపోవడం.

పోనీ మెచ్చుకున్నవాళ్లన్నా పేరు పెట్టి మెచ్చుకుంటారా? 2021లో 'ఎంజాయ్ ఎంజామి' దేశమంతా మోగింది. శ్రీలంక తేయాకు తోటల్లో చాకిరీ చేసిన అరివు అవ్వ వల్లియమ్మ బతుకు అందులో ఉంది. ఆ పాటను చెప్పుకుంటూ ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా వేసిన ముఖచిత్రంలో అరివు లేడు. పా. రంజిత్ గట్టిగా అడిగినాక, విమర్శలు ముసిరినాక, అరివుకు వేరేగా డిజిటల్ కవర్ వేసినారు. అడిగితే తప్ప కనపడమన్నమాట.

మనవైపు చూస్తే కిన్నెర మొగులయ్య. 'భీమ్లా నాయక్' పాటలో ఆయన గొంతుకు థియేటర్లు ఊగినాయి. 2022లో పద్మశ్రీ. 2024లో హైదరాబాద్ శివార్లలో కట్టడం పనిలో కూలీగా కనిపించినారు. మట్టి వాసన కావాలన్నోళ్లకు కావాల్సినంత దొరికింది కదా!

ఆళ్లగడ్డలో మా పిల్లలు కొందరు తప్పెటతో నాలుగు పాటలు రికార్డు చేస్తున్నారు. విడుదలైనాక "పాపం, బాగా కష్టపడినారు" అని మాత్రం అనొద్దు. ఏ పాటలో తప్పెట బాగా పలికిందో చెప్పండి. కొట్టినోడి పేరు రాయండి. వంద రూపాయలు పెట్టి కొనండి. బాగలేకుంటే అదీ చెప్పండి: బేస్ ఎక్కువైందనో, గొంతు వెనకబడిందనో. వాళ్లు మళ్లీ మిక్సింగ్‌కు కూర్చుంటారు.

వచ్చే భాగంలో పెండ్లికి, చావుకు తప్పెట కూలి ఎంతిస్తున్నారో లెక్క రాస్తా.

జై భీమ్.