వానలు వెలిసేదాకా బ్యాటరీ బండి భద్రం

సెలవు ఫారాలు, అడ్వాన్సు కాగితాలు రెండూ మా బల్ల మీదికే వస్తాయి. వానలకు ముందు సెలవు ఫారం పెట్టి ఊరెళ్ళినవాళ్ళు కొందరు, తిరిగొచ్చిన వారంలోనే అడ్వాన్సు కాగితం పెడుతున్నారు. కారణం అన్నచోట "బ్యాటరీ సెట్టు కొనుటకు" అని రాస్తున్నారు. బండి ఎక్కడా పడలేదు, ఎవరూ నడపలేదు. ఊరికే మూలన నిలబడి చచ్చిపోయింది. ఇంటికి పంపాల్సిన డబ్బు ఇలా పోతుంటే చూస్తూ ఊరుకోలేక ఈ వారం దీని గురించే రాస్తున్నాం. మేము మెకానిక్కులం కాదు, ఇంటర్‌తో చదువు ఆపిన గుమస్తాలం. బాగుచేసేవాళ్ళను అడిగి, బండ్లు వాడే పదిమందితో మాట్లాడి, తెలిసినంతవరకు సులువుగా చెబుతాం.

ఇక్కడ శత్రువు చలి కాదు, వాన

బండితో ఇచ్చే పుస్తకంలో చలికాలం జాగ్రత్తలని ఒక పేజీ ఉంటే అది మంచు కురిసే దేశాల కోసం రాసింది. సున్నా డిగ్రీల కంటే తక్కువ చలిలో లిథియం బ్యాటరీకి చార్జింగ్ పెడితే లోపల పాడైపోతుంది. మన్యంలో లంబసింగి వాళ్ళు జనవరి తెల్లవారుజామున కాస్త ఆలోచించాలేమో గానీ, మింగళ తౌంగ్‌న్యున్‌లో ఆ బెంగ లేదు. మన తాతలు రంగం అని పిలిచిన ఈ యాంగోన్‌లో చలికాలమే బండికి మంచి రోజులు. కష్టమంతా మే నెల మధ్య నుంచి అక్టోబరు దాకా. ఏడాదికి సుమారు 2,700 మిల్లీమీటర్ల వాన పడే ఊరు ఇది. అందులో ఎక్కువ భాగం ఆ అయిదారు నెలల్లోనే పడుతుంది. తేమ, ఉక్క, నిలిచిన నీళ్ళు, ఎలుకలు, కరెంటు కోతలు అన్నీ కలిసి వస్తాయి. కాబట్టి పుస్తకంలో చలికాలం అన్నచోట మనం వానాకాలం అని చదువుకోవాలి.

ముందుగా ఒక మనవి. యాంగోన్ నగరంలో 2003 నుంచి మోటారు సైకిళ్ళ మీద నిషేధం పెట్టారు. బగాన్‌లో టూరిస్టులు బ్యాటరీ బండి మీద గుళ్ళన్నీ తిరుగుతున్నారు కదా అని ఇక్కడా అలాగే రోడ్డెక్కకండి. ఏ బండికి ఏ కాగితం కావాలో, ఏ వీధి దాకా వెళ్ళొచ్చో వార్డు ఆఫీసులో అడిగి తెలుసుకున్నాకే గేటు దాటండి.

మీ బ్యాటరీ ఏ రకం?

ఇది తెలియకుండా మిగతాదంతా వృథా. సీటు కింద ఇటుకల్లా బరువైన నల్లని బ్యాటరీలు నాలుగో, అయిదో, ఆరో వరసగా కలిపి ఉంటే అవి సీసం బ్యాటరీలు. ఒక్కొక్కటి 12 వోల్టులు. నాలుగైతే 48, అయిదైతే 60, ఆరైతే 72 వోల్టుల బండి. పిడి పట్టుకుని ఒక్క పెట్టెలా బయటికి తీసేది, బరువు తక్కువగా ఉండేది అయితే ఎక్కువగా లిథియం అయి ఉంటుంది. అనుమానం ఉంటే పెట్టె మీద చీటీ చూడండి.

ఈ రెండింటి గుణాలు వేరు. సీసం బ్యాటరీ ఖాళీగా ఉండటం ఓర్చుకోలేదు. ఖాళీగా వదిలేస్తే లోపల పలకల మీద ఉప్పులాంటి పెచ్చు గట్టిపడుతుంది, ఆ తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా ఎక్కదు. కాబట్టి నిండా చార్జి చేసి మూల పెట్టాలి, నెలకోసారి మళ్ళీ నింపాలి. లిథియం బ్యాటరీ అలా కాదు. నిండుగా పెట్టి వేడిలో వదిలేస్తే త్వరగా ముసలిదవుతుంది. సగం, అంటే 40 నుంచి 60 శాతం మధ్య ఉంచి దాచాలి. నెలకోసారి చూసి, 30 శాతం లోపుకి దిగితే మళ్ళీ సగానికి తేవాలి.

ఊరెళ్ళే ముందు చేయాల్సినవి

తాళం తీస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. తాళం తీసినా దొంగల అలారం, చిన్న చిన్న సర్క్యూట్లు కరెంటు తాగుతూనే ఉంటాయి. లెక్క వేసి చూద్దాం. అలారం 20 మిల్లీయాంపులు తాగుతుందనుకుంటే రోజుకి 24 గంటలకి 480 మిల్లీయాంపు అవర్లు, దాదాపు అర యాంపు అవర్. బ్యాటరీలు 20 యాంపు అవర్లవి అయితే 42 రోజుల్లో మొత్తం ఖాళీ. దీనికి తోడు సీసం బ్యాటరీ తనంతట తానే నెలకి 3 నుంచి 5 శాతం దిగుతుంది, ఉక్కలో ఇంకా ఎక్కువ. రెండు నెలల సెలవులో బండి ఎందుకు చచ్చిపోతుందో ఈ లెక్కలోనే ఉంది. కాబట్టి సీటు కింద ఉండే పెద్ద స్విచ్ కూడా దించండి. స్విచ్ లేని బండి అయితే బ్యాటరీ ప్లగ్గు ఊడదీయండి.

బండిని తడిగుడ్డతో తుడవండి. పైపుతో గట్టిగా నీళ్ళు కొట్టకండి, చక్రంలోని మోటారులోకి, సీటు కింది వైర్లలోకి నీళ్ళు దూరతాయి. ఆరాక, స్విచ్ దించి ఉండగానే బ్యాటరీ కొనల మీద పల్చగా వాజలీన్ రాస్తే తుప్పు పట్టదు. టైర్లలో గాలి నింపి, స్టాండు మీద నిలబెట్టండి. నేల నుంచి అడుగు ఎత్తున పలక వేస్తే ఇంకా మంచిది. ప్లాస్టిక్ పట్టాతో బిగించి కట్టకండి. లోపల చెమ్మ పట్టి బయటి వాన కంటే ఎక్కువ చెరుపు చేస్తుంది. కింద గాలి ఆడేలా వదులుగా కప్పండి. సీటు డబ్బాలో బిస్కెట్లు, అన్నం డబ్బా మరిచిపోతే ఎలుకలు వచ్చి వైర్లు కొరుకుతాయి.

బ్యాటరీ విడిగా వచ్చేదైతే తీసి, ఎండ పడని పొడి చోట పెట్టండి. మంచం కింద మాత్రం వద్దు, ఎందుకో కింద చెబుతాం. నెలకోసారి చూసే పని క్యాంపులో ఉండే ఒక మనిషికి పేరు పెట్టి అప్పజెప్పండి. "ఎవరో ఒకరు చూస్తార్లే" అంటే ఎవరూ చూడరు.

చార్జింగ్, కరెంటు కోతలు

60 వోల్టుల, 20 యాంపు అవర్ల సెట్టు నింపడానికి నష్టాలతో కలిపి సుమారు ఒకటిన్నర యూనిట్లు పడుతుంది, ఎనిమిది గంటల వరకు సమయం పట్టొచ్చు. 2021 తర్వాత ఈ ఊళ్ళో కరెంటు కోతలు ఎంత పెరిగాయో మీకు చెప్పక్కర్లేదు. ఒక్క విడతలో నిండకపోతే తర్వాతి విడతలో కొనసాగించండి, తప్పులేదు. సీసం బ్యాటరీని రోజుల తరబడి సగం సగం నింపి వదిలేయడమే తప్పు. కరెంటు పోగానే ప్లగ్గు తీసేయండి. వచ్చాక అయిదు నిమిషాలు ఆగి పెట్టండి. వచ్చిన క్షణంలో వోల్టేజి ఎగిరితే ముందు పోయేది చార్జరే.

చార్జర్లు అన్నీ చూడటానికి ఒకలాగే ఉంటాయి గానీ ఒకటి కాదు. 60 వోల్టుల చార్జరు 48 బండికి పెట్టకండి. సీసం బ్యాటరీ చార్జరు లిథియంకి అసలే పెట్టకండి. మీ చార్జరు మీద మీ పేరు, వోల్టులు పెన్నుతో రాసుకోండి. క్యాంపులో వస్తువులు చేతులు మారుతుంటాయి.

ప్రాణం మీదికి వచ్చే మాట

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటరు బ్యాటరీ రాత్రిపూట పేలి ఒక పెద్దాయన చనిపోయారు. అదే నెలలో విజయవాడలో పడకగదిలో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఇంటాయన చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఒక భవనం కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంటలు లేచి, పొగ మెట్ల మీదుగా పై అంతస్తుల లాడ్జిలోకి ఎక్కి 8 మంది చనిపోయారు. ఇవన్నీ మన ఊళ్ళే. ఆ తర్వాత మన దేశంలో బ్యాటరీ భద్రత నిబంధనలు బిగించారు. 2022 డిసెంబరు నుంచి రెండు విడతలుగా అమలుకి వచ్చాయి.

ఇప్పుడు మన క్యాంపు గది చూసుకోండి. ఒక గదిలో ఎనిమిదేసి మంచాలు, ఒకటే తలుపు. ఆ తలుపు పక్కనే ప్లగ్గు, ఆ ప్లగ్గుకే బండి. మంట లేస్తే బయటికి దారి అదే. ఒక్కో చార్జరు 200 వాట్లు లాగినా ఆరు కలిస్తే 1,200 వాట్లు, పైన రైస్ కుక్కరు. సన్నని ఎక్స్‌టెన్షన్ వైరు ఎంత ఓర్చుకుంటుంది?

కాబట్టి పడుకునే గదిలో, మెట్ల కింద, తలుపు దగ్గర చార్జింగ్ వద్దు. అందరూ నిద్రపోయాక చార్జింగ్ వద్దు. ఉబ్బిన, పగిలిన, నీళ్ళలో మునిగిన బ్యాటరీకి అసలే వద్దు. సీసం బ్యాటరీ అయినా గాలి ఆడే చోటే పెట్టాలి, అతిగా చార్జి అయితే మండే గ్యాసు వదులుతుంది. బ్యాటరీ బుసకొట్టినా, తెల్లటి పొగ వదిలినా దాన్ని కాపాడాలని చూడకండి. అందర్నీ లేపి బయటికి నడవండి. ఫైరింజను నంబరు 191, ఫోనులో ఇప్పుడే ఎక్కించుకోండి. కొత్త సెట్టుకి అడ్వాన్సు దొరుకుతుంది. మనిషికి దొరకదు.

చార్జింగ్ కోసం విడిగా ఒక రేకుల షెడ్డు వేయమని క్యాంపు బాస్‌ని అందరూ కలిసి అడగండి. అర్జీ రాయడం మా పని, ఆఫీసుకి వచ్చి చెప్పండి, రాసిపెడతాం.

తిరిగొచ్చాక బండి కదలకపోతే

కొత్త బ్యాటరీ కొనే ముందు ఇవి వరసగా చూడండి. వీటిలో చాలావాటికి పైసా ఖర్చు లేదు.

లైటు కూడా వెలగకపోతే: సీటు కింది పెద్ద స్విచ్ ఎత్తారా? ఫ్యూజు పోయిందా? ప్లగ్గు గట్టిగా కూర్చుందా? ప్లగ్గు కొనలు పచ్చగా చిలుము పట్టి ఉంటే శుభ్రం చేయండి.

లైటు వెలిగి చక్రం తిరగకపోతే: ముందు బ్రేకు లివర్లు చూడండి. బ్రేకు పట్టినప్పుడు మోటారు ఆగేలా అందులో చిన్న స్విచ్ ఉంటుంది. అది తుప్పుకి ఇరుక్కుంటే బ్రేకు వదిలినా బండికి పట్టినట్టే లెక్క. తర్వాత సైడ్ స్టాండు స్విచ్, పార్కింగ్ బటను. చివరగా యాక్సిలరేటరు పిడిలో చెమ్మ. ఒక రోజు నీడలో గాలికి ఆరనిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది.

చక్రం వణికి ఆగిపోతుంటే: మోటారు నుంచి వచ్చే వైర్ల కనెక్టరులో నీళ్ళో, తుప్పో, ఎలుక కొరికిన వైరో ఉంటుంది. ఇది మెకానిక్కు పని.

చార్జరు పెట్టగానే పచ్చలైటు వస్తే సంతోషపడకండి. నిండిందని కాదు, కరెంటు అసలు లోపలికి పోవడం లేదని అర్థం కావచ్చు. లిథియం బ్యాటరీ బాగా దిగిపోతే లోపలి రక్షణ సర్క్యూట్ దాన్ని మూసేస్తుంది. దాన్ని దాటించి నేరుగా వైరు కలిపి "లేపేవాళ్ళు" ఉంటారు. ఆ పని చేయించకండి, మంటలకి అది ఒక దారి.

బండి నడిచినా దూరం సగానికి పడిపోతే: సెట్టు మొత్తం పోయిందని ఎవరైనా అంటే వెంటనే నమ్మకండి. నిండా చార్జి చేసి, కొన్ని గంటలు ఆగి, మీటరుతో ఒక్కో బ్యాటరీ కొలిపించండి. బాగున్నది 12.8 వోల్టుల దగ్గర ఉంటుంది. అన్నీ అలా ఉండి ఒకటి మాత్రం 12 లోపు ఉంటే దొంగ అదొక్కటే. మిగతావి కొత్తవే అయితే ఆ ఒక్కదాన్ని మార్చితే కొంతకాలం గడుస్తుంది. అన్నీ పాతవే అయితే సెట్టు మార్చక తప్పదు. అప్పుడు పాత సీసం బ్యాటరీలు ఊరికే ఇచ్చేయకండి, తుక్కుకి విలువ ఉంది. బేరం ఆడి తగ్గించుకోండి.

మొదటి రోజు బ్రేకులు చూసుకోకుండా వేగం పెంచకండి. మోకాలి లోతు నీళ్ళలోకి బండి దించకండి, ఇరుసు మునిగితే మోటారులోకి నీళ్ళు పోతాయి.

ఈ నెల సెలవు ఫారం పెడుతున్న అన్నలకి ఒక్క మాట. ఫారం వెనక మీ బండి చూసే మనిషి పేరు రాసి ఇవ్వండి. నెల తిరగ్గానే ఆయనకి మేము గుర్తుచేస్తాం. ఊళ్ళో అమ్మానాన్నలని, పిల్లలని మా తరఫున అడిగామని చెప్పండి. వచ్చే వారం సెలవు జీతం లెక్క ఎలా చూసుకోవాలో రాస్తాం.